ఏడుపు వినిపించే దూరం

పోయిన నెల ఒక ఉదయం వాకిట్లో నీళ్లు చల్లుతుంటే, చంకలో దిండు పెట్టుకున్న ఒక ముసలాయన కాలు ఈడ్చుకుంటూ మా సందులోకి వచ్చాడు. గేటు దగ్గర ఆగి, నా ముఖం వైపు కాకుండా వసారాలోని చెక్క బెంచీ వైపు చూశాడు. "అయితే ఇదే ఇల్లు," అని గొణుక్కున్నాడు. తర్వాత నన్ను చూసి, "సరోజ పాపా, బాగుండావా?" అని అడిగాడు. నాకు అరవై నాలుగేళ్లు. కదిరిలో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరై ఆరేళ్లయింది. నన్ను పాపా అని పిలిచేవాళ్లంతా వెళ్లిపోయారనే అనుకుంటూ ఉన్నాను. ఆ పిలుపుతో ఆయన ఎవరో తెలిసిపోయింది. విడపనకల్లు దస్తగిరి. పరుపులు, దిండ్లు కుట్టే దస్తగిరి మామ. మా నాయన నల్లమాడలో ఆసుపత్రి నడిపినన్నాళ్లూ ఏడాదికొకసారి, కొత్త దిండు ఒకటి తీసుకుని, బస్సులు మారి మారి వచ్చేవాడు.

రమ్మంటే లోపలికి రాలేదు. బెంచీ మీద, అదీ తలుపుకు దూరంగా ఉన్న కొసన కూర్చున్నాడు. ఆ బెంచీ నాయన ఆసుపత్రిదే. నల్లమాడ ఇల్లు అమ్మేసినప్పుడు అందరూ ఏవేవో తీసుకున్నారు, నేను బెంచీ అడిగి తెచ్చుకున్నాను. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, "తమ్ముడు యాడుండాడు?" అన్నాడు దస్తగిరి. ధర్మవరంలో పట్టుచీరల అంగడి చూసుకుంటున్నాడని చెప్పాను. "పిలిపీ పాపా. డాక్టరు సారుది ఒక మాట మీ ఇద్దరికీ చెప్పేది ఉండాది. ఒకరికి చెప్తే సగమే చెప్పినట్టయితాది. నేను పోయేలోపల చెప్పల్ల." తమ్ముడు సుధాకర్‌కు ఫోన్ చేశాను. వాడు నాయనను నాయన అనడం ఎప్పుడో మానేశాడు. ఎవరో పరాయి మనిషన్నట్టు ఆయప్ప అంటాడు. "ఆయప్ప సంగతులు ఇంకా ఏముండాయి?" అన్నాడు. ఆ వెంటనే అంగట్లో ఎవరికో గల్లాపెట్టె చూసుకోమని చెప్పడం వినిపించింది. "సరే, మధ్యాన్నానికి వస్తా," అని పెట్టేశాడు. దస్తగిరి బెంచీ మీదే కునుకు తీశాడు. నేను వంటింట్లో కూర్చుని అనపగింజలు ఒలుస్తూ నల్లమాడకు వెళ్లిపోయాను.

చిన్నతనంలో నాకు నాయన అంటే గోడ మీద ఫోటో, నెలకొక ఉత్తరం. ఆయన సైన్యంలో డాక్టరు. నాకు తొమ్మిదేళ్లప్పుడు యుద్ధం వచ్చింది. కాల్పులు జరిగేచోటికి కాస్త వెనగ్గా గుడారం వేసుకుని, మోసుకొచ్చిన వాళ్లకు మొదటి కట్టు కట్టి వెనక ఉన్న పెద్దాసుపత్రికి పంపడం ఆయన పని అని అమ్మ చెప్పింది. ఆ రోజుల్లో మా అవ్వ, నాయన తల్లి, రోజూ రాగి సంగటి ముద్దలు చేసేటప్పుడు ఒకటి ఎక్కువ చేసేది. అది సాయంత్రం దాకా ఉట్టి మీద ఉండేది, తర్వాత ఆవుకు పెట్టేది. "వానికి యాడనో ఆకలైతాంటాది," అనేది. దండగ అన్నవాళ్లకు ఆ పూట అర ముద్దే దొరికేది. యుద్ధం ముగిసి ఏడాది తిరక్కుండానే నాయన ఉద్యోగం వదిలేసి, ఆకుపచ్చ రంగు ఇనప్పెట్టె ఒకటి తీసుకుని వచ్చేశాడు. ఊరంతా యుద్ధం కథలు వినడానికి వచ్చి వసారాలో కూర్చుంది. ఆయన అందరికీ టీ ఇప్పించి, ఎవరికి దగ్గుంది, ఎవరికి కీళ్లు నొస్తున్నాయి అని అడిగాడు. కథలు రాలవని తేలాక జనం రోగాలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. అలా మా ముందు గది ఆసుపత్రి అయింది.

పొద్దున్నే మా ఇల్లు కిరసనాయిలు స్టవ్వు చప్పుడుతో లేచేది. స్టీలు డబ్బాలో సిరంజీలు, సూదులు ఉడికేవి. పక్క పొయ్యి మీద అమ్మ చట్నీకి చెనక్కాయ విత్తనాలు వేయించేది. స్పిరిటు వాసన, వేగుతున్న చెనక్కాయల వాసన కలిస్తే వచ్చే వాసన ఒకటుంది. ఈ రోజుకూ ఎక్కడైనా అది తగిలితే నాకు ఆకలేస్తుంది. నాయన ఒక్క చెంబు నీళ్లతో గడ్డం గీసుకునేవాడు, అడుగున మిగిలినవి కరివేపాకు చెట్టుకు పోసేవాడు. ఆ ఏళ్లలో వానలు లేవు. బావులన్నీ అడుగంటిపోయి, జనం మందు పెట్టి బండ పేల్చి ఇంకా ఇంకా లోతుకు దిగుతుండేవాళ్లు. పేలినప్పుడల్లా మా కిటికీ రెక్కలు అదిరేవి. నాయన చేతిలో ఏముంటే అది కింద పెట్టి, రెండు క్షణాలు ఆగి, మళ్లీ తీసుకునేవాడు. "భయమారా?" అని అవ్వ ఒకసారి అడిగింది. "భయం కాదమ్మా, అలవాటు," అన్నాడు.

ఆయన అలవాట్లలో ఊరు మొత్తం చెప్పుకున్నది పెన్సిలు. తడి తగిలితే ఊదారంగుకు తిరిగే పెన్సిలు అది, సైన్యం నుంచి తెచ్చుకున్నదే. ఎనిమిదింటికి వసారాలోకి వచ్చి, బెంచీ మీదా కిందా ఉన్న వాళ్లందరినీ ఒక చుట్టు చూసేవాడు. నాడి పట్టి, కనురెప్ప కిందికి లాగి, ఒక మాట అడిగి, నుదుటి మీద అంకె వేసేవాడు. ఒకటి అంటే ఇప్పుడే లోపలికి. రెండు అంటే ఆ తర్వాత. మూడు అంటే ఆగవచ్చు. ఎవరు ముందొచ్చారు, ఎవరిది ఏ ఇల్లు అన్న పట్టింపు లేదు. ఇది ఊరికి మింగుడు పడలేదు. మాజీ సర్పంచి ఒకాయన తన నుదుటి మీద మూడు పడిందని పక్కవాళ్లు చెప్పగానే లేచి నిలబడ్డాడు. "ఈ ఊర్లో నేనెప్పుడన్నా మూడోవాణ్ణి అయినానా డాక్టరా?" అన్నాడు. "మూడు రాసినానంటే నువ్వు ఇప్పట్లో సచ్చేది ల్యా. సంతోషంగా కూర్చో," అన్నాడు నాయన.

తల్లులది ఇంకో తంతు. డాక్టరు రాసిన అంకె తుడిస్తే జ్వరం తిరగబెడుతుందని ఎవరో పుట్టించారు. దాంతో పిల్లలకు వారం దాకా తల మీద నీళ్లు పోసేవాళ్లు కాదు. విభూతి పెట్టేవాళ్లు కూడా అంకె చెరగకుండా పక్కన పెట్టేవాళ్లు. మా తరగతిలో ఎప్పుడు చూసినా నలుగురైదుగురికి నుదుటి మీద ఊదారంగు మరక ఉండేది. ఒకటి పడినవాడు మూడు పడినవాడి ముందు గొప్పలు పోయేవాడు. ఈ సంగతి చెప్తే నాయన పడీపడీ నవ్వాడు. సైన్యం నుంచి వచ్చాక ఆయన అంతగా నవ్వడం నేను చూసింది అదొక్కసారే. గట్టిగా అరిచేవాళ్లకు మాత్రం ఆయన దగ్గర ఎప్పుడూ మూడే. "అరిచేవానికి ఊపిరి ఉన్నట్టే. గమ్మున పండుకున్నోని కాడికి ముందు పోవల్ల," అని అమ్మతో అనేవాడు. దూది ఉడకబెట్టడం, కట్లు చుట్టడం అమ్మ పని కాబట్టి ఆ మాట ఆమె రోజూ వినేది. విని తల ఊపేది, ఒప్పుకున్నట్టు మాత్రం ఉండేది కాదు.

దస్తగిరి వచ్చే రోజు నాకు ఇబ్బందిగా ఉండేది. యుద్ధంలో కాలికి దెబ్బ తగిలినప్పుడు నాయన కట్టు కట్టాడని, అంతవరకే తెలుసు మాకు. ఆయన పొద్దున తొమ్మిదికే వచ్చి బెంచీ కొసన కూర్చునేవాడు. అందరూ అయిపోయి, వసారా ఖాళీ అయ్యాక, రెండు గంటలకో మూడు గంటలకో లోపలికి పోయేవాడు. నాయన మధ్యమధ్యలో తలుపు దగ్గరికి వచ్చి ఆయన వైపు చూసేవాడు. మళ్లీ ఇంకెవరినో పిలిచేవాడు. చివరికి ఆ కాలు చూసి పంపించేసేవాడు. అంత దూరం నుంచి దిండు మోసుకొచ్చిన మనిషిని అన్నం కూడా తినిపించకుండా పంపుతాడేమిటని నాకు కోపం వచ్చేది. ఆ దిండ్లు నాయన ఎప్పుడూ వాడుకోలేదు, రోగుల మంచం మీద వేసేవాడు. నల్లమాడలో ఏ ఇంటి మనిషి తలయినా ఎప్పుడో ఒకసారి దస్తగిరి దిండు మీద ఆనే ఉంటుంది.

ఇక తమ్ముడి సంగతి. నాకప్పుడు పదకొండేళ్లు, వాడికి ఎనిమిది. కోతలయ్యాక పెరట్లో ఎండిన చెనక్కాయ కట్టెను మనిషెత్తు వామిగా పేర్చారు. వాడు దాని మీద నుంచి దూకి ఎడమ మోచేతి మీద పడ్డాడు. ఆ కేక బస్టాండు దాకా వినిపించిందని తర్వాత చెప్పుకున్నారు. అమ్మ వాణ్ణి ఎత్తుకుని వసారాలోకి పరుగెత్తుకొచ్చిన సమయానికే, నరసింహులు అనే ఆయన్ని ఎద్దులబండిలో తెచ్చారు. బావిలో మందు పేలినప్పుడు రాతి ముక్క పొట్టకు తగిలిందట. చూస్తే చిన్న గాయం, అంతే. ఆయన అరవడం లేదు. "నాకేం కాలే, దప్పికైతాండాది," అని మెల్లగా అంటున్నాడు. నాయన ఇద్దరినీ చూశాడు. తమ్ముడి మణికట్టు పట్టుకుని నాడి చూసి, "వేళ్లు ఆడించురా," అన్నాడు. వాడు ఆడించాడు. వాడి నుదుటి మీద మూడు వేశాడు. నరసింహులుకు ఒకటి వేసి లోపలికి మోయించాడు. "మన పిల్లోడు కదా," అంది అమ్మ. నాయన లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ఆ తర్వాత జరిగిందే తమ్ముడు జన్మంతా మోశాడు. లోపలి నుంచి నాయన గొంతు వినిపించింది. "సుధాకరా, ఏడుస్తాండావా?" వాడు ఏడుస్తూనే ఉన్నాడు. "ఏడువు నాయనా. గట్టిగా ఏడువు. నిలపొద్దు." వసారాలో ఇరవై మంది ఉన్నారు. ఒకరిద్దరు నవ్వారు. "ఏందప్పా, కన్నకొడుకునే ఎగతాళి చేస్తాండాడు డాక్టరు," అన్నారెవరో. కాసేపటికి మళ్లీ, "ఏడుస్తాండావా రా?" అని వినిపించింది. ఐదారుసార్లు అలాగే. వాడి ముఖం ఎర్రబడిపోయింది. చొక్కా కాలరు పళ్ల మధ్య పెట్టుకుని గట్టిగా కొరికి ఏడుపు ఆపేశాడు. కొంచెంసేపటికి లోపల స్టీలు పళ్లెం కింద పడిన చప్పుడైంది. తలుపు దభాలున తెరుచుకుంది. నాయన. చేతులకు రక్తం. వచ్చి తమ్ముడి ముందు నిలబడ్డాడు. తమ్ముడు రెప్ప వేయకుండా ఆయన్నే చూశాడు. ఆయన ముఖం నాకిప్పటికీ గుర్తుంది, కానీ అందులో ఏముందో తెలుసుకునే వయసు కాదు. "ఏడువు రా," అని లోపలికి వెళ్లిపోయాడు. ఈసారి తలుపు వేయలేదు.

నరసింహులుకు సెలైన్ పెట్టి, లారీ ఎక్కించి అనంతపురం పంపేసరికి రెండు గంటలు పట్టింది. ఆయన బతికాడు. ఈ మధ్యదాకా నల్లమాడ బస్టాండు దగ్గర టీ తాగుతూ కనిపించేవాడు. ఆ రెండు గంటల్లో తమ్ముడి మోచెయ్యి దిండులా వాచిపోయింది. నాయన ఎముక సర్ది కట్టు కట్టాడు గానీ చెయ్యి పూర్తిగా చాపడానికి రాకుండా పోయింది. అమ్మ నెల రోజులు నాయనతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే, ఆయన ఎదురుగా ఉండగానే, "అత్తా, సంగటి పెట్టినానని చెప్పు," అనేది. అవ్వ వెంటనే "సంగటి పెట్టిందంటరా," అని కొడుకుతో అనేది. మాకు నవ్వొచ్చేది, నవ్వితే దెబ్బలు పడేవి. తమ్ముడు మాత్రం నవ్వలేదు. వాడికి సైన్యంలో చేరాలని చాలా కోరిక. పద్దెనిమిదేళ్లప్పుడు అనంతపురంలో సెలక్షన్లకు వెళితే, చెయ్యి చాపమన్నారు. మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు. ఆ రోజు నుంచి నాయన వాడికి ఆయప్ప అయ్యాడు. నాయన పోయినప్పుడు కొడుకుగా చేయవలసినవన్నీ చేశాడు, కళ్లు మాత్రం తడవలేదు. వచ్చినవాళ్లు వాడిది రాతి గుండె అనుకున్నారు. నేను అనుకోలేదు. వాడి బాధ చెయ్యి వంకరగా ఉన్నందుకు కాదు. అందరి ముందూ ఏడువు, ఏడువు అని ఆట పట్టించినందుకు.

దస్తగిరి రావడానికి కొన్నాళ్ల ముందు మోకాళ్ల నొప్పికి అనంతపురంలో ఒక ఆసుపత్రికి వెళితే తలుపు దగ్గరే మిషను చీటీ ఇచ్చింది. పద్నాలుగు. చల్లటి హాల్లో, మెత్తటి కుర్చీలో కూర్చున్నాను. నా పక్కాయనది యాభై రెండు. ముఖం పాలిపోయి, చెమట పట్టి, మాట్లాడకుండా కూర్చున్నాడు. ఇప్పటి పద్ధతిలో ఎవరికీ అవమానం లేదు, అంకె నుదుటి మీద కాకుండా చేతిలో ఉంటుంది, ఎవరి వంతు వాళ్లకు వస్తుంది. బాగానే ఉంది. నేను నా చీటీ ఆయన చేతిలో పెట్టి ఆయనది తీసుకున్నాను. ఎందుకమ్మా అని అడిగాడు. ఏమని చెప్పను? మా నాయన ఉంటే మీకు ఒకటి వేసేవాడని చెప్తే ఆయనకేం అర్థమవుతుంది? సాయంత్రం దాకా కూర్చుని ఇంటికొచ్చాను. దారంతా నాయన మీద గౌరవం, తమ్ముడి మీద జాలి, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉన్నాయి.

సుధాకర్ ఒంటిగంటకు వచ్చాడు. తెల్లచొక్కా, వంగిన చేతికి వేలాడుతున్న స్వీటు పొట్లం. "బాగుండావా మామా?" అని దస్తగిరిని పలకరించి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దస్తగిరి వాడి మోచేతి వైపు కాసేపు చూశాడు. తర్వాత ఎవరో దారి అడిగితే చెప్పినంత నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"యుద్ధంలో నా కాలికి దెబ్బ తగిలిన దినం గుడారంలో నన్ను, ఇంకొక పిల్లోన్ని పక్కపక్కన పండబెట్టినారు. సారు పెన్సిలుతో రాసినాడు. నాకు మూడు, పక్కనోనికి ఒకటి. వాడు నాకన్నా చిన్నోడు. యా ఊరో, పేరేందో తెలీదు. కిక్కురుమన్లే. నేనేమో కాలు పట్టుకోని, అమ్మా సచ్చిపోతాండా అని తెలుగులో అరిచినా. సారు గిరుక్కున తిరిగినాడు. 'యా ఊరప్పా నీది?' అన్నాడు. విడపనకల్లు సార్ అన్నా. అంతే పాపా. తెలుగు మాట ఇని నెలలైంటాదేమో ఆయనకు. ముందు నా కాడికి వచ్చినాడు. నా కాలికి కట్టు కట్టేదానికి పావుగంట పట్టింది. తిరిగి చూసేతలికి వాడు ల్యా."

దస్తగిరి తల పైకెత్తాడు. "తప్పు నాది, నీది కాదని సారు నాకు ఎన్నిసార్లు చెప్పినాడో. ఏటా మీ ఇంటికి వస్తే, ముందు రా దస్తగిరీ అని కండ్లతోనే పిలుస్తాండె. నేనే పోలే. ఆ దినం ఒకని ముందు పోయినా కదా. మీ ఇంట్లో చివర్నే కూర్చుంటాంటి. నేను తినకుండా కూర్చున్నానని ఆయన కూడా తినకుండా ఉంటాండె. అన్నం తిని పొమ్మంటే బస్సుకు టైమైందని లేచిపోతాంటి."

"ఇది చెప్పేదానికా మామా వచ్చినావు?" అన్నాడు తమ్ముడు. గొంతులో విసురు లేదు గానీ మెత్తదనమూ లేదు.

"ఇంకొకటుండాదప్పా. ఆ గుడారంలో నన్ను రెండు దినాలు పెట్టుకున్నారు. ఆ పిల్లోడు పోయినంక సారు ఒక అలవాటు చేసుకున్నాడు. లోపల ఒకనికి కట్టు కడతాంటే, బయట పండుకున్నోళ్లను పిలుస్తానే ఉంటాండె. అరుస్తాండండప్పా, ఏడుస్తాండండప్పా, నాకు ఇనపడల్ల అని. తెలుగైతే ఏంది, హిందీ అయితే ఏంది, అదే మాట. ఎవడన్నా గమ్మున అయిపోతే చేతిలో ఉండేది ఆడే పడేసి పరిగెత్తుకోని వస్తాండె. ఆయన చివరి ఏడు, నేను వచ్చినప్పుడు, నీ చెయ్యి గురించి చెప్పినాడు. పిల్లోనికి ఈ మాట నేను చెప్పలేకపోయినా దస్తగిరీ అన్నాడు. అంతకుమించి చెప్పలే. ఇంతకాలం నేను కూడా చెప్పకుండా పెట్టుకున్నా. పెద్దవాళ్ల సంగతి మనకెందుకులే అనుకున్నా."

స్టీలు పళ్లెం కింద పడిన చప్పుడు నాకు మళ్లీ వినిపించింది. తెరిచిన తలుపులో నిలబడిన ముఖం కూడా కనిపించింది. అందులో ఉన్నది భయం. కొడుకు కళ్లు తెరిచి తనను కోపంగా చూస్తున్నాడని తెలిసిన క్షణంలో ఆ భయం ఎలా వదిలిందో, అదీ ఉంది ఆ ముఖంలో. తమ్ముడు వంగిన మోచేతిని కుడిచేత్తో పట్టుకుని ఉన్నాడు. "అక్కా," అన్నాడు. "ఆ దినం నేను ఏడుపు ఆపేసినా కదా. నొప్పి తగ్గి కాదు. నాయన మీద కోపంతో ఆపినా." నలభై మూడేళ్ల తర్వాత వాడి నోట నాయన అనే మాట విన్నాను.

వాడు వచ్చి బెంచీ మీద, దస్తగిరి పక్కన కూర్చున్నాడు. దస్తగిరి తాను తెచ్చిన దిండు వాడి మోచేతి కింద పెట్టాడు. ఇద్దరికీ ఆకలవుతుంటుందని నేను లోపలికి వెళ్లి ఎసట్లో రాగిపిండి పోశాను. సంగటి రెండు చేతులతో తెడ్డు పట్టుకుని ఆపకుండా కలపాలి, మధ్యలో వదిలితే ఉండ కడుతుంది. కలుపుతుండగా వసారాలో తమ్ముడి ఏడుపు మొదలైంది. మొదట గొంతులో, తర్వాత బయటికి, చిన్నపిల్లవాడి ఏడుపు. దస్తగిరి ఏదో అంటున్నాడు, మాటలు తెలియడం లేదు. వెళ్లి తల నిమరాలనిపించింది. వెళ్లలేదు. వాడి ఏడుపు వినబడుతున్నంతసేపూ తెడ్డు వదలకుండా కలుపుతూనే ఉన్నాను. తలుపు మాత్రం తెరిచే ఉంచాను.